రింగెక్కిన సైకిల్ పందెం

చివర్లో ఎవరు గెలుస్తారో టికెట్ కొన్న ప్రతివాడికీ తెలుసు. అయినా ఆఖరి చుట్టు వచ్చేసరికి కుర్చీలో ఎవరూ కుదురుగా కూర్చోరు. ముతక మసాలా అని విమర్శకులు పక్కన పెట్టిన పాత క్రీడా చిత్రాలు ఇప్పుడు మళ్లీ థియేటర్లు నింపుతున్నాయి. వాటిలో ఒక సైకిల్ పందెం కథ అమెరికాలో మొదలై, ముంబై మీదుగా విశాఖ చేరింది. చేరేసరికి సైకిల్ మాయమైంది.

కొండ దారి మలుపులో రెండు సైకిళ్లు రాసుకుంటాయి. తొక్కేవాళ్లిద్దరూ పందెం సంగతే మరిచి, రోడ్డు పక్కన చొక్కాలు పట్టుకుని కొట్టుకుంటారు. అంతవరకూ వెనకబడి ఉన్న కుర్రాళ్లు ఒక్కొక్కరే వాళ్లను దాటి పోతుంటారు. ఇద్దరికీ ఉన్నట్టుండి తెలివి వస్తుంది. పడి ఉన్న సైకిల్ లేపి, పరిగెడుతూనే ఎక్కి, మళ్లీ తొక్కుడు మొదలుపెడతారు. నిజమైన సైకిల్ పోటీలో ఇంత ఆలస్యం చేసినవాడు మొదటి స్థానం మీద ఆశ వదులుకోవాల్సిందే. సినిమాలో మాత్రం పోటీ ఆ ఇద్దరి మధ్యే తేలుతుంది. గీత దగ్గర ముందు చక్రం ఎవరిదో చూడడానికి హాలు మొత్తం లేచి నిలబడుతుంది.

1992 మే 22న విడుదలైన ‘జో జీతా వహీ సికందర్’ చివరి ఘట్టమిది. దర్శకుడు మన్సూర్ ఖాన్, కథానాయకుడు ఆమిర్ ఖాన్. డెహ్రాడూన్‌లోని కాలేజీల మధ్య ఏటా జరిగే సైకిల్ పందెం చుట్టూ కథ నడుస్తుంది. డబ్బున్న పిల్లలది రాజ్‌పుత్ కాలేజీ. ఊళ్లోని మామూలు ఇళ్ల పిల్లలది మోడల్ కాలేజీ. మోడల్ తరఫున పందెంలో దిగే అన్నను ప్రత్యర్థి ముఠా గాయపరిస్తే, అప్పటిదాకా ఆవారాగా తిరిగిన తమ్ముడు సైకిలెక్కుతాడు. కథ ఇంతే. ఆ ఏటి చిత్రాలకు ఇచ్చిన ఫిల్మ్‌ఫేర్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ ఎడిటింగ్ రెండూ దీనికే దక్కాయి. ఎడిటింగ్‌కు రావడం సబబే. సైకిల్ పందెం తెర మీద పండిందంటే సగం పుణ్యం కత్తెరదే.

ఈ కథే విశాఖ నేపథ్యంతో 1999 జులై 15న ‘తమ్ముడు’గా తెలుగు తెరకెక్కింది. పవన్ కల్యాణ్ నటించగా పి.ఎ. అరుణ్ ప్రసాద్ తీశారు. నిర్మాత బూరుగుపల్లి శివరామకృష్ణ, సంగీతం రమణ గోగుల. హిందీలోలాగే అన్న ఉన్నాడు, నాన్న ఉన్నాడు, హోటల్ ఉంది, గ్యారేజీ పిల్ల ఉంది, డబ్బున్న ప్రత్యర్థి ఉన్నాడు. లేనిది సైకిల్ ఒక్కటే. దాని చోట కిక్ బాక్సింగ్ రింగు వెలిసింది.

కథ వచ్చిన దారి

ఇలాంటి కథకు మూలరూపం 1979 నాటి అమెరికన్ సినిమా ‘బ్రేకింగ్ అవే’. పీటర్ యేట్స్ దర్శకత్వం వహించారు. యుగోస్లావియాలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరిన స్టీవ్ టెసిచ్ రాశారు. ఇండియానా రాష్ట్రంలో బ్లూమింగ్టన్ అనే యూనివర్సిటీ ఊరు. ఊరి చుట్టూ సున్నపురాయి క్వారీలు. ఆ రాయి కొట్టిన కూలీల పిల్లల్ని యూనివర్సిటీ విద్యార్థులు ‘కట్టర్స్’ అని ఎగతాళి చేస్తుంటారు. ఆ పిల్లలు నలుగురు జట్టుకట్టి, ‘లిటిల్ 500’ పందెంలో కాలేజీ జట్లను ఓడిస్తారు.

ఆ పందెం కల్పన కాదు. ఇండియానా యూనివర్సిటీలో 1951 నుంచీ జరుగుతోంది. మగవాళ్ల పోటీలో జట్టుకు నలుగురు. 200 చుట్లు, 50 మైళ్లు. గేర్లు మార్చే వీలు లేని సైకిల్‌ను ఒకరు దిగుతుంటే మరొకరు అందుకుని తొక్కాలి. టెసిచ్ కూడా విద్యార్థిగా 1962లో ఈ పందెంలో గెలిచిన జట్టులో ఉన్నారు. 200 చుట్లలో 139 తొక్కిన డేవ్ బ్లేజ్ అనే సహచరుణ్ని చూసే సినిమా నాయకుణ్ని మలిచారు. ఆ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చింది.

సినిమాలో పందెం కంటే బాగా గుర్తుండే ఘట్టం తండ్రీ కొడుకులది. తండ్రి ఒకప్పుడు రాయి కొట్టినవాడు. ఇప్పుడు పాత కార్లు అమ్ముకుంటుంటాడు. ఒక రాత్రి కొడుకుతో యూనివర్సిటీ ఆవరణలో నడుస్తూ ఆ భవనాలు చూపిస్తాడు. వాటికి రాయి కోసింది తామేనని, కట్టడం పూర్తయ్యాక అవి తమకు తగనంత గొప్పవన్న భావం కలిగిందని చెబుతాడు. నాగార్జునసాగర్‌కు మట్టి మోసిన ముసలివాళ్లు, సింగరేణిలో దిగిన తండ్రులు ఉన్న ఇళ్లలో ఈ ముక్కకు అనువాదం అక్కర్లేదు.

బ్లూమింగ్టన్ కథకు తాను రుణపడలేదని మన్సూర్ ఖాన్ చెబుతూ వచ్చారు. పోలికలు మాత్రం దాచినా దాగవు. అమెరికన్ కుర్రాడు కాలేజీ అమ్మాయి కోసం ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థినని బొంకుతాడు. హిందీ కుర్రాడు పెద్దింటి బిడ్డనని బొంకుతాడు. తెలుగు కుర్రాడూ గ్యారేజీకి వచ్చిన కార్లలో తిరుగుతూ అదే పని చేస్తాడు. మూడు చోట్లా అబద్ధం బయటపడి పరువు పోయాకే కథ మలుపు తిరుగుతుంది. పందెం మీద ఉత్కంఠ పుట్టించేది ఈ అవమానమే. పందెంలో ఓడినా పోయేదేమీ లేని కుర్రాడి కథ ఎవరికీ పట్టదు.

> ఒక కథ, ఎన్నో వేషాలు
>
> 1979 బ్రేకింగ్ అవే (ఇంగ్లిష్): సైకిల్ పందెం
> 1992 జో జీతా వహీ సికందర్ (హిందీ): సైకిల్ పందెం
> 1999 తమ్ముడు (తెలుగు): కిక్ బాక్సింగ్
> 2001 బద్రి (తమిళం): విజయ్ నటించారు. అరుణ్ ప్రసాదే దర్శకుడు
> 2001 యువరాజ (కన్నడం): శివరాజ్‌కుమార్ నటించారు. దర్శకుడు పూరి జగన్నాథ్
> 2003 చాంపియన్ (బెంగాలీ): జీత్ నటించారు
>
> తమిళ, కన్నడ దర్శకులు హిందీ సినిమా సైకిల్ వైపు వెళ్లలేదు. విశాఖ రింగునే తీసుకెళ్లారు.

సైకిల్ ఎందుకు దిగిపోయింది

మొదటి కారణం కథానాయకుడే. పవన్ కల్యాణ్ కరాటే సాధన చేసి సినిమాల్లోకి వచ్చిన నటుడు. 1996లో వచ్చిన మొదటి చిత్రం ‘అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి’లోనే ఆ విద్య చూపించారు. చేతిలో ఉన్న విద్యను వదిలి, ఆయన చేత సైకిల్ తొక్కించాలని ఏ నిర్మాతకూ అనిపించదు.

రెండోది డబ్బు లెక్క. సైకిల్ పందెం తీయాలంటే కొండ దారులు మూయాలి, పదుల మంది తొక్కేవాళ్లు కావాలి, కెమెరా వాళ్ల వేగంతో పరిగెత్తాలి. రింగుకు నాలుగు తాళ్లు, లైట్లు, చుట్టూ కేకలు వేసే జనం చాలు.

మూడోది అన్నిటికన్నా లోతైనది. సైకిల్ పందెంలో ప్రత్యర్థిని తాకకుండా గెలవాలి. అన్నను ఆస్పత్రి పాలు చేసినవాడు పక్కన తొక్కుతుంటే, వాడికన్నా అడుగు ముందు గీత దాటడంతో తెలుగు ప్రేక్షకుడి కసి తీరుతుందా? హిందీ సినిమాకే ఆ నమ్మకం పూర్తిగా లేదు. అందుకే పందెం మధ్యలో ఇద్దరినీ దింపి మరీ కొట్టించింది. తెలుగు సినిమా ఆ దెబ్బలాటనే అసలు పోటీగా మార్చేసింది. తర్కంగా చూస్తే ఇదే నిజాయితీ. కానీ చేతులు హ్యాండిల్‌ను విడవకూడని కోపంలో ఒక అందం ఉంది. అది ఇక్కడ పోయింది.

తెలుగు తెర మీద సైకిల్‌కు అప్పటికే వేరే గుర్తింపు ఉంది. 1989 అక్టోబర్ 5న విడుదలైన ‘శివ’లో నాగార్జున సైకిల్ చెయిన్‌ను తెంపి పిడికిలికి చుట్టుకున్న క్షణం ఒక తరానికి కాలేజీ పోరాటానికి బొమ్మ అయింది. చిన్నపాపను ముందు కూర్చోబెట్టుకుని సందుల్లో సైకిల్ తొక్కుతుంటే వెనక కారు తరిమే సన్నివేశం కూడా ఆ సినిమాలోదే. ఉత్కంఠలో ఏ సైకిల్ పందేనికీ తీసిపోదు. కాకపోతే అందులో పారిపోతున్నది నాయకుడు. తెర బయట సైకిల్ 1983 ఎన్నికల నుంచీ తెలుగుదేశం గుర్తు. సైకిల్ మీద ఊపుగా పోయే హీరోకు హాల్లో సగం మంది ఒకందుకూ, మిగతా సగం మరొకందుకూ ఈల వేసే రాష్ట్రం ఇది.

తిరునాళ్ల చక్రం

పందెం కన్నా ముందే తెలుగు పల్లెకు తెలిసిన సైకిల్ వినోదం ఒకటుంది. సైకిల్ ఫీట్లు. ఖమ్మం జిల్లాలో అడవి అంచున ఉన్న పెనుబల్లి, వియ్యం బంజర, సత్తుపల్లి వైపు ఊళ్ల నుంచి కోస్తా పల్లెల దాకా టీవీలు రాకముందు ఇది లేని తావు అరుదు. బడి మైదానంలోనో రచ్చబండ దగ్గరో సున్నంతో గుండ్రంగా గీత గీసేవారు. మధ్యలో గుంజ, గుంజకు మైకు. ఒక మనిషి పగలూ రాత్రీ కాలు కింద పెట్టకుండా రోజుల తరబడి ఆ గీత వెంట సైకిల్ తొక్కేవాడు. సైకిల్ మీదే అన్నం, సైకిల్ మీదే స్నానం, సైకిల్ మీదే గడ్డం గీసుకోవడం.

సాయంత్రం కాగానే అసలు జనం చేరేవారు. తొక్కుతూనే వంగి నేల మీది రుమాలును పళ్లతో అందుకునేవాడు. ట్యూబ్‌లైట్లు ఒంటి మీద పగలగొట్టించుకునేవాడు. గుండె మీద బండ పెట్టించుకుని సమ్మెటతో కొట్టించుకునేవాడు. మధ్యమధ్యలో రికార్డు డాన్సులు. చదివింపులు వచ్చినప్పుడల్లా ఇచ్చినవారి పేరు, తండ్రి పేరు, ఇచ్చిన మొత్తం మైకులో వినిపించేవి. ఆఖరి రోజు మెడలో నోట్ల దండ వేసి ఊరేగించేవారు. మరుసటి వారం వేరే ఊరు.

‘తమ్ముడు’లో ‘ట్రావెలింగ్ సోల్జర్’ పాటను ఈ ఆటతో కలిపి చూడాలి. సైకిల్ పందెం తీసేసిన చోట వచ్చిన సాధన పాట అది. అందులో నాయకుడు కారు చక్రాలు తన చేతి వేళ్ల మీదుగా పోనిస్తాడు. డూపు లేకుండా పవన్ కల్యాణ్ స్వయంగా చేశారని అభిమానులు ఇప్పటికీ చెప్పుకునేది దీని గురించే. కిక్ బాక్సింగ్ నేర్చుకునేవాడికి కారు కింద వేళ్లు పెట్టడం ఎందుకు పనికొస్తుందని ఏ కోచ్‌ను అడిగినా నవ్వుతాడు. ఆ పాటకు చుట్టరికం వ్యాయామశాలతో కాదు, తిరునాళ్ల మైదానంతో. ఒంటి మీద నొప్పి పడుతుంటే కళ్లతో చూసి, చదివింపు ఇచ్చి వెళ్లిన జనమే ఆ పాటకు ఈల వేశారు. హిందీ సినిమా నుంచి సైకిల్‌ను వదిలేసిన తెలుగు సినిమా, తెలియకుండానే సైకిల్ ఫీట్లను పట్టుకొచ్చింది.

> కదలకుండా గెలిచే పందెం
>
> బడి వార్షికోత్సవాల్లో, సంక్రాంతి ఆటల్లో స్లో సైకిల్ రేసు తెలుగువాళ్లకు చిరపరిచితం. సున్నం గీతల మధ్య ఇరుకు బాట. కాలు కింద పెట్టకుండా, గీత తొక్కకుండా అందరికన్నా చివర వచ్చినవాడిదే గెలుపు. బలం కన్నా నిలకడ ముఖ్యం. బ్రేకు నొక్కుతూ, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ నిలబెట్టాలి. వేగంగా తొక్కే అబ్బాయిలు ఇందులో ముందుగా చిత్తవుతారు.

ముందే తెలిసిన ముగింపులో ఏముంది

ఇలాంటి సినిమాల మీద విమర్శ కొత్తదేమీ కాదు. పేదవాడు మంచివాడు, డబ్బున్నవాడు చెడ్డవాడు. నాన్న కోప్పడతాడు, తర్వాత కన్నీళ్లు పెడతాడు. పక్కింటి అమ్మాయి ప్రేమ ఇంటర్వెల్ దాటాక గాని కంటికి ఆనదు. నెలల సాధన ఒక్క పాటలో అయిపోతుంది. విలన్ నవ్వే తీరు చూస్తేనే వాడు ఓడతాడని తెలిసిపోతుంది. పాత చింతకాయ పచ్చడే. దాన్ని లొట్టలేసుకుంటూ తినేవాళ్లకు అది పాతదన్న సంగతి తెలియక కాదు.

ఫలితం తెలిసిన పోటీని జనం చూసేది ఫలితం కోసం కాదు. సీతమ్మ జాడ దొరుకుతుందో లేదో తెలుసుకోవడానికి ఎవరూ హరికథకు పోరు. హనుమంతుడు సముద్రం దాటే ఘట్టాన్ని ఈ దాసుగారు ఎలా చెబుతారో వినడానికి పోతారు. క్రీడా చిత్రంలో ఆఖరి చుట్టు అలాంటిదే. నాయకుడు ఎంత వెనకబడ్డాడు, ఎక్కడ పడ్డాడు, ఎలా లేచాడు అన్నదే రుచి. ‘బ్రేకింగ్ అవే’లో గాయపడ్డ కుర్రాడు తన పాదాలను టేపుతో పెడళ్లకు కట్టించుకుని మళ్లీ ట్రాకు మీదికి వెళ్తాడు. ఇక దిగడానికి వీల్లేదు. గెలుస్తాడని తెలిసిన ప్రేక్షకుడికి కూడా ఆ టేపు చుట్టే చేతులు చూస్తే గొంతు పట్టుకుంటుంది.

అందులోనూ సైకిల్‌కు ఒక సౌకర్యం ఉంది. బాక్సింగ్ గ్లవ్స్ తొడిగిన ప్రేక్షకులు ఎంతమంది? రగ్బీ ఆడినవాళ్లు ఎందరు? ‘సై’ (2004) చూసే నాటికి రగ్బీ బంతి ఆకారం కూడా చాలామందికి కొత్త. సైకిల్ అలా కాదు. కాలు అందని వయసులో కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అడ్డంగా తొక్కినవాళ్లు, గంటకింతని అద్దె సైకిల్ తెచ్చుకుని గడువు దాటితే తిట్లు తిన్నవాళ్లు, చెయిన్ పడిపోతే నల్లటి వేళ్లను నిక్కరుకు తుడుచుకున్నవాళ్లు హాలు నిండా ఉంటారు. తెర మీద ఎగువ దారి వచ్చినప్పుడు వాళ్ల పిక్కలే బిగుసుకుంటాయి. కష్టం కూడా దాగదు. కారు రేసులో డ్రైవర్ ముఖం హెల్మెట్‌లో ఉంటుంది. సైకిల్ మీద చెమట, రొప్పు, వణికే మోకాలు అన్నీ బయటే.

పెనుబల్లి మండలంలో అడవిమల్లెల లాంటి ఊళ్ల వైపు పోయే దారులు ఈ పిక్కల పరీక్షకు తగినవే. ఎత్తూ పల్లం, రెండు పక్కలా జామాయిల్ తోటలు, మామిడి తోటలు. పల్లె దారుల్లో బడి పిల్లలకు ఒక పాత కిటుకు తెలుసు. ఎగువలో నెమ్మదిగా పోయే ట్రాక్టర్ ట్రక్కును ఒక చేత్తో పట్టుకుంటే తొక్కాల్సిన పని ఉండదు. పెద్దలు చూస్తే వీపు మోగడం ఖాయం. నిజంగానే ప్రాణం మీదికి తెచ్చే ఆట అది. ‘బ్రేకింగ్ అవే’లో నాయకుడు హైవే మీద ఒక లారీ వెనకే, దాన్ని ముట్టుకోకుండా తొక్కుతాడు. డ్రైవర్ కిటికీలోంచి వేళ్లు చూపిస్తూ వేగం చెబుతుంటాడు. చివరికి అది గంటకు 60 మైళ్లు. ముందున్న బండి గాలిని చీల్చితే వెనకవాడికి అడ్డు తగ్గుతుంది. పోటీల్లో సైక్లిస్టులు ఒకరి వెనక ఒకరు అంటుకుని పోయేదీ అందుకే. అలా వెనక ఉన్నవాడికి మూడో వంతు దాకా శ్రమ ఆదా అవుతుందని లెక్క. ఈ శాస్త్రం తెలియకపోయినా, ట్రాక్టర్ వెనక తొక్కిన పిల్లవాడికి గాలి ఎక్కడ ఆగుతుందో తెలుసు.

వీడియో క్యాసెట్ పుణ్యం

ముతకగా ఉందని కొట్టేసిన సినిమా ఎలా బతుకుతుందో చెప్పడానికి 1986 నాటి ‘రాడ్’ను మించిన ఉదాహరణ దొరకదు. స్టంట్‌మన్‌గా పేరు తెచ్చుకున్న హాల్ నీడమ్ దర్శకుడు. చిన్న చక్రాల బీఎంఎక్స్ సైకిళ్ల పిచ్చి అమెరికాను ఊపేస్తున్న రోజులు. పేపర్లు వేసే ఒక కుర్రాడు కాలేజీ ప్రవేశ పరీక్ష ఎగ్గొట్టి ‘హెల్‌ట్రాక్’ అనే పందేనికి పోతాడు. ఎంసెట్ ఎగ్గొట్టి పోయాడనుకుంటే, ఇంట్లో ఏం జరిగి ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. విలన్ వేషం వేసింది 1984 ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ స్వర్ణాలు గెలిచిన బార్ట్ కానర్. ఒక ఘట్టంలో నాయకుడూ నాయికా డాన్సు హాల్లో సైకిళ్లతోనే నాట్యం చేస్తారు. నవ్వకుండా చూడడం కష్టం. మళ్లీ చూడకుండా ఉండడమూ కష్టమే.

థియేటర్లలో ఆ సినిమా నిలవలేదు. వీడియో క్యాసెట్ దాన్ని కాపాడింది. అద్దె దుకాణాల నుంచి పిల్లలు పదే పదే తెచ్చుకున్నారు. వాళ్లే పెద్దవాళ్లై 2020లో 4కె నాణ్యతతో శుభ్రం చేసిన ప్రింటును పండగలా చూశారు. ఈలోగా 2008 బీజింగ్‌లో బీఎంఎక్స్ ఒలింపిక్ క్రీడ కూడా అయింది.

తెలుగు పల్లెలోనూ సినిమాలకు రెండో బతుకు వీడియోతోనే వచ్చింది. వినాయక చవితికి యువజన సంఘం చందాలు వేసుకుని టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చేది. రాత్రంతా మూడు సినిమాలు. మూడో సినిమా సగంలో పిల్లలు చాపల మీద నిద్రపోయేవారు. ‘తమ్ముడు’ వచ్చే నాటికి ఆ పని కేబుల్ టీవీ అందుకుంది. సినిమా విడుదలయ్యాక పుట్టినవాళ్లకు కూడా అందులో డైలాగులు కంఠతా రావడానికి కారణం ఆ కేబులే.

> నెమ్మదిగా కదిలే పాట వెనక హడావిడి
>
> ‘జో జీతా’లోని ‘పహలా నషా’ పాట మొత్తం స్లో మోషన్‌లో సాగుతుంది. పాడింది ఉదిత్ నారాయణ్, సాధనా సర్గమ్. నాట్యం కూర్చింది ఫరా ఖాన్. కదలిక నెమ్మదిగా ఉండాలి, పెదవులు మాత్రం పాటతో కలవాలి. అందుకోసం సెట్లో పాటను వేగం పెంచి వినిపించారు. నటులు ఆ వేగానికి పెదవులు కదిపారు. తెర మీద అదంతా సాగి అసలు పాటతో కలిసింది. సైకిల్ వేగం గురించిన సినిమాలో జనానికి ఎక్కువగా గుర్తున్నది ఈ నెమ్మది పాటే.

పాత రీలు, కొత్త టికెట్

2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’, సెప్టెంబర్ మొదట్లో పవన్ పుట్టినరోజుకు ‘జల్సా’ ప్రత్యేక ప్రదర్శనలతో తెలుగునాట రీరిలీజుల జాతర మొదలైంది. ఆ ఏడాది చివరి రోజున ‘ఖుషి’ మళ్లీ వచ్చింది. 2024 జూన్‌లో పవన్ కల్యాణ్ ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెలలోనే ‘తమ్ముడు’ మళ్లీ తెరకెక్కింది. ఆ ప్రదర్శనల్లో జనం చూసింది 1999 నాటి కథనా, 2024 నాటి ఎన్నికల ఫలితాన్నా అని విడదీయడం కష్టం. ఊళ్లో ఎందుకూ పనికిరాడనుకున్నవాడు ఆఖరి రౌండులో లేచే కథకు అంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

మళ్లీ చూసినవాళ్లను కదిలించిన సంగతి మరొకటుంది. అన్నగా నటించిన అచ్యుత్ 2002లోనే, ఇంకా చిన్న వయసులోనే కన్నుమూశారు. తండ్రి వేషం వేసిన చంద్రమోహన్ 2023 నవంబర్‌లో పోయారు. కొడుకును తిట్టి ఇంట్లోంచి పొమ్మనే సన్నివేశం మొదటిసారి చూసినప్పుడు కుర్రకారు పవన్ వైపు నిలబడింది. ఇప్పుడు అదే కుర్రకారుకు కాలేజీకి పోయే పిల్లలున్నారు. చూపు చంద్రమోహన్ ముఖం మీదికి మళ్లింది. పాత సినిమా మారదు గాని, అందులో ఎవరి పక్షాన నిలబడాలన్నది మారిపోతుంది. ముతక కథలకు ఈ సదుపాయం ఎక్కువ. పాత్రలు తండ్రి, అన్న, తమ్ముడు అన్నంత స్థూలంగా ఉంటాయి కాబట్టి ఎవరి ఇల్లయినా అందులో పట్టేస్తుంది.

జాతరకు ఉన్న చెడ్డ లక్షణాలూ ఈ ప్రదర్శనలకు అబ్బాయి. 2023 మేలో ‘సింహాద్రి’ రీరిలీజులో విజయవాడలోని ఒక థియేటర్లో అభిమానులు టపాసులు కాల్చగా సీట్లు తగలబడ్డాయి. వారాంతపు తెరలు పాత సినిమాలకు పోతే, ఆ వారమే వచ్చిన చిన్న సినిమాకు చోటు కుదించుకుపోతుంది. పాత సినిమాల్లో ఆడపిల్లల సంగతి కూడా కళ్లు మూసుకుని దాటేది కాదు. ‘జో జీతా’లో రెంచీ పట్టుకోవడం వచ్చిన అమ్మాయి పందెంలో లేదు, గ్యాలరీలో ఉంది. అసలు లిటిల్ 500లో మహిళల పోటీ మొదలైంది 1988లో. తెర మీది అమ్మాయిలు మాత్రం చప్పట్లు కొట్టే పని నుంచి అంత త్వరగా బయటపడలేదు.

తెలుగు తెర మీద పందెం లేని సైకిల్

తెలుగులో క్రీడా చిత్రాలకు కొదవ లేదు. పరుగుల రాణి అశ్విని నాచప్ప తన కథలో తానే నటించిన ‘అశ్విని’ 1991 నాటిది. కబడ్డీకి ‘ఒక్కడు’ (2003), ‘భీమిలి కబడ్డీ జట్టు’ (2010). కిక్ బాక్సింగ్‌కు ‘తమ్ముడు’ తర్వాత ‘అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి’ (2003). క్రికెట్‌కు ‘గోల్కొండ హైస్కూల్’ (2011), ‘జెర్సీ’ (2019). సైకిల్ పందెమే వెన్నెముకగా నడిచి పేరు తెచ్చుకున్న తెలుగు సినిమా ఏదంటే మాత్రం చటుక్కున పేరు తట్టదు.

పందెం జరిగే చోటు లేక కాదు. 2002 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడల కోసం ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో సైక్లింగ్ వెలోడ్రోమ్ కట్టారు. రెండు చివర్లా నీళ్ల తొట్టి అంచులా పైకి లేచిన ట్రాకు అది. మలుపులో సైకిల్ దాదాపు గోడ మీద పోతున్నట్టు ఉంటుంది. నెమ్మదిగా పోతే కిందికి జారిపోతారు. వేగం తగ్గితే పడిపోయే మలుపు సినిమావాడికి ఉచితంగా దొరికే క్లైమాక్స్.

దూరపు పందెం తీయాలంటే దారులకూ లోటు లేదు. సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట వైపు, పామాయిల్ తోటల మధ్య సాగే రోడ్డు ఉంది. భద్రాచలం వైపు అడవి మలుపులున్నాయి. పెనుబల్లి దగ్గర నీలాద్రీశ్వరుడి గుడికి పోయే అడవి బాట ఉంది. కథకు కావాల్సిన రెండు పక్షాలూ ఇక్కడే దొరుకుతాయి. హాస్టల్ బడిలో చదివే గూడెం పిల్లలు ఒక పక్క, ఇంటి ముందుకు బస్సు వచ్చే ప్రైవేటు బడి పిల్లలు మరో పక్క. సినిమా రాకపోయినా నిజం పందెమే పెట్టుకోవచ్చు. ఫ్రాన్స్‌లో 1903లో ఒక పత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి పెట్టిన పందెమే ఇవాళ్టి టూర్ ద ఫ్రాన్స్. దానికి పుట్టుకలో ఉన్న ప్రయోజనం అంతకన్నా గొప్పదేమీ కాదు. సంక్రాంతికి కోడిపందేలకు, కబడ్డీకి, ముగ్గులకు చందాలు దొరికే ఊళ్లలో సైకిల్ పందేనికి దొరకవనేమీ లేదు. స్లో సైకిల్ రేసుకు గీసే సున్నం గీతను మండల రోడ్డు దాకా పొడిగిస్తే సరిపోతుంది. ట్రాఫిక్ ఆపడానికి ఇద్దరు కానిస్టేబుళ్లు, మలుపుల దగ్గర మంచినీళ్ల బిందెలతో నిలబడడానికి యువజన సంఘం, పంక్చర్ సామాను పెట్టుకుని వెనక వచ్చే ఒక ట్రాలీ ఆటో ఉండాలి.